సేనాని చేతిలో పటం

బొమ్మ సేనానులకు రంగులు వేయడం ఆమె పని. మనుషులు వేలెడంత లేరు గానీ, యుద్ధభూమిలో తొడిగే మట్టిరంగు దుస్తుల్లో దర్పం మాత్రం కొండంత. కొని దాచుకునేవాళ్ళు భూతద్దం పెట్టి మరీ చూస్తారు కాబట్టి, సేనాని చేతిలోని యుద్ధభూమి పటాన్ని ఆమె అన్నిటికంటే ఆఖరున, తీరిగ్గా గీస్తుంది.

ఆ రాత్రి ఐదో సేనానిని భూతద్దం కిందికి తెచ్చింది. పటం అప్పటికే గీసి ఉంది.

అందులో నది లేదు, కొండ లేదు. హాలు, వంటగది, కూతురు పడుకునే గది. తన ఇల్లే. కూతురి మంచం మీద ఎర్రటి చుక్క, ఇంకా పచ్చిగానే ఉంది.

“ఏమండీ, ఈ బొమ్మని ముట్టుకున్నారా?” హాల్లో ఉన్న భర్తని అడిగింది.

“నీ బొమ్మల జోలికి నేనెందుకొస్తాను? మొన్న టోపీ విరిగినందుకు తిన్న తిట్లు చాలవా?”

ఆమె దూదిని థిన్నర్‌లో ముంచి, ఆ చుక్కని గబగబా తుడిచేసింది. దూది పక్కకి జారింది. చుక్కతోపాటు ఆ గది తలుపు గుర్తు కూడా చెరిగిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ మోత కూడా ఆగింది.

అప్పుడు గోడ అవతల చిన్న అరచేతులు తడుముతున్న చప్పుడు వినిపించింది.

“అమ్మా,” అంది కూతురు. “తలుపేది?”