ఒకే పెన్‌డ్రైవ్

చచ్చినవాళ్ల చేత కూడా నూనె అమ్మించే కంపెనీలకు సిగ్గు లేదు. ఇప్పుడు ప్రతి ఇంటి లాప్‌టాప్‌లోనూ పోయినవాళ్లు మాట్లాడుతున్నారు. నా భార్య వరాలు పోయి మూడేళ్లయింది. "ఏమయ్యా, అన్నం తిన్నావా?" అని ఆమె గొంతు అడుగుతుంది. ఆ వెంటనే ఫలానా నూనె కొనమంటుంది. బతికుండగా ఆమె గానుగ నూనె తప్ప మరొకటి ముట్టలేదు.

కంపెనీ సిస్టమ్ పీకేసి, ప్రకటనలు లేని లైనక్స్ అనే వేరే సిస్టమ్ వేసుకోమంది పక్కింటి సుభాషిణి. "ముందు పిన్ని గొంతు పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకో బాబాయ్. లాప్‌టాప్‌లో ఏదీ మిగలదు" అంది.

తీసిపెట్టాను. లైనక్స్ ఎక్కించడానికీ పెన్‌డ్రైవే కావాలట. ఒకటి ఉండగా రెండోది కొనడం మా ఇంటావంటా లేదు. పైగా అందులో బోలెడు చోటుంది. లైనక్స్‌నూ దాన్లోకే దించబోయాను. "ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?" అని తెర అడిగింది. రేషన్ కార్డు నుంచి వరాలు మరణ ధ్రువపత్రం దాకా ఏ తెర ఏమడిగినా సరే అన్నవాణ్ణి. ఇప్పుడూ అన్నాను. తర్వాత లాప్‌టాప్‌ కూడా అదే అడిగితే, దానికీ సరే అన్నాను.

సాయంత్రం సుభాషిణి వచ్చి చూసింది. "భలే వేశావే బాబాయ్! మరి పిన్ని గొంతున్న పెన్‌డ్రైవ్ ఏది?"

లాప్‌టాప్‌కు గుచ్చి ఉన్నదాన్ని చూపించాను.

"ఇదొక్కటేనా?" అంది.

"ప్రకటనలైతే ఆగాయి. ఈ సంగతి నేను మళ్లీ ఎత్తను. నువ్వూ ఎత్తకు" అన్నాను.