సగానికి దించిన బేరం

ఉగ్రవాద నిరోధక చట్టాన్ని పోయిన నెలే ఏకగ్రీవంగా గట్టెక్కించిన మంత్రీ, ప్రతిపక్ష నేతా లాబీలో టీ తాగుతుంటే, నేత చెల్లెలు తోసుకుంటూ వచ్చింది.

“అన్నయ్యా, పోలీసులు పట్టుకెళ్లిన నీ మేనల్లుణ్ణి లాయరు ఎప్పుడు కలవచ్చు?”

సభలో తనంత బేరగాడు లేడని నేతకు గట్టి నమ్మకం. నలుగురూ వినేలా గొంతు పెంచాడు. “పదిహేను రోజులకమ్మా. బిల్లులో వీళ్లు నెలంటే, గీచి గీచి బేరమాడి సగానికి దించాను. ఇంకో వారం ఓపిక పట్టు.”

“నాకు ఓపికుంది. వాడే లేడు. శవాన్ని తీసుకెళ్లమని ఇప్పుడే ఫోన్ చేశారు.”



మంత్రి నేత భుజం మీద చెయ్యి వేశాడు. “అయ్యో పాపం! మీరు గట్టిగా అడిగితే ఒక్కరోజుకైనా సరే అందామనే వచ్చానండీ ఆవేళ. సగం దగ్గరే మీరు చెయ్యి కలిపేశారు.”