ఎత్తిన ఎడమచెయ్యి

"చూడండి మేడం, ప్రశ్న అడగ్గానే ఒక్క చెయ్యి కూడా కింద లేదు," అన్నాను గొప్పగా. పోయిన వారం నా క్లాసులో తీసిన వీడియో అది.

పెద్ద మేడం సౌండు ఆపేసింది. "ఇప్పుడు చూడు. కనిపించిందే చెప్పు, ఊహలొద్దు."

నా గుట్టు నాకు తెలుసు. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలని పిల్లలకు ముందే నూరిపోశాను. ఎడమచేతుల జోలికి నేను పోను.

"ఆ చివరి బెంచీ పిల్ల ఎవరు?"

"ఒట్టి మొద్దు మేడం. ఎప్పుడూ ఎడమచెయ్యే. ఈ వీడియో తీసిన మర్నాటి నుంచి బడికి రావట్లేదు, జ్వరమట."

తెరమీద నేను బోర్డువైపు తిరిగాను. అందరి చేతులూ దిగాయి, ఆ పిల్లది తప్ప.

"ఇప్పుడు ప్రశ్నేమీ లేదుగా. మరెందుకు ఎత్తింది?"

తెరకు దగ్గరగా వంగాను. ఆ పిల్ల చూపు కిటికీ మీద ఉంది. కిటికీ అవతల ఒకాయన నవ్వుతూ, పెదాలమీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు.

"అతనెవరు?"

"వాళ్ళ బాబాయి మేడం. జ్వరమని చెప్పింది కూడా ఆయనే."

బడి వదిలారు కాబోలు, పిల్లలంతా లేచారు. తెరమీద నేనే నవ్వుతూ వెళ్ళి, ఆ ఎత్తిన చేతిని దించి, అతని చేతిలో పెట్టాను.