చుట్టాలు లేని ఊరు

కొవ్వూరు బస్టాండులో రెండు బస్సులు వెళ్లిపోయాయి. ఎక్కడికెళ్లాలో నాగశ్రీ, రెబెక్కా ఇంకా తేల్చుకోలేదు.

"అరకు?" అంది రెబెక్కా.

"లాడ్జిలో దిగాలి. మగతోడు లేకుండా ఇద్దరు ఆడపిల్లలకి గది ఎవడిస్తాడే?"

"పోనీ అంతర్వేది?"

"నరసాపురంలో మా పెద్దమ్మ. గోదావరి దాటడానికి పంటు ఎక్కే చోట మా బాబాయి స్నేహితుడి కొట్టు. ఇంకోటి చెప్పు."

ఆకివీడు జగపతిరాజుగారి అమ్మాయి నాగశ్రీకి గోదావరి జిల్లాల్లో చుట్టాలు లేని ఊరు దొరకడమంటే మాటలా!

డిగ్రీ పరీక్షలయ్యాయి. విశాఖలో ఎమ్మెస్సీ చదవడానికి తండ్రి అతి కష్టం మీద ఒప్పుకున్నాడు. "నీ గురించి ఒక్క మాట వినబడిందా, ఆ రోజుతో చదువు బంద్," అని కూడా అన్నాడు.

భుజాన సంచి తగిలించుకుని, ఎవరి తోడూ లేకుండా ఎటైనా వెళ్లి రావాలని హాస్టల్లో మూడేళ్లుగా అనుకుంటున్నారు ఇద్దరూ. ఇంట్లో మాత్రం రెబెక్కావాళ్ల చర్చి క్యాంపు అని చెప్పి బయల్దేరారు. ఆ అబద్ధం చెప్పినప్పటి నుంచి నాగశ్రీకి ముద్ద దిగడం లేదు.

"పాపికొండలు," అంది రెబెక్కా. "లాంచీ ఆఖర్న ఆగే ఊరు. లాంచీ టికెట్టు తప్ప ఖర్చు లేదు. అక్కడ కూడా మీవాళ్లుంటే నేనింక చెయ్యగలిగిందేం లేదు."

"రాత్రి పడుకోవడం?"

"గుడో బడో ఉండదా?"

పోలవరం బస్సెక్కారు.

రేవులో లాంచీ ఇంకా రాలేదు. గట్టు మీద కూర్చుంటే, వైరుబుట్ట పట్టుకుని ఓ పెద్దావిడ వచ్చి పక్కనే చతికిలబడింది.

"ఏ ఊరమ్మా మీది?"

"ఆకివీడండి," అనేసి నాగశ్రీ నాలుక కరుచుకుంది.

"ఆకివీడా! మా ఆడపడుచుని ఇచ్చింది అక్కడే. ఎవరింటి పిల్లవి?"

నాగశ్రీ నోటికొచ్చిన ఇంటిపేరు ఒకటి చెప్పింది.

"ఇద్దరే వెళ్తున్నారా? నేనూ లాంచీలో పైకే. ఇంట్లో చెప్పే వచ్చారా? రాత్రికి ఎక్కడుంటారు?"

ఆవిడ ఊపిరి తీసుకోకుండా అడుగుతోంది. ఇలాంటి ఆవిడ ఒక్కరు చాలు, ఎల్లుండికల్లా ఊరంతా చెప్పేస్తుంది. పైగా లాంచీలో మూడు గంటలు పక్కనే కూర్చుంటుంది.

"లాంచీ ఇంకా రాలేదేంటో," అంది పెద్దావిడ.

"ఇవాళ రాదంటండి," అంది నాగశ్రీ. "ఇంజను పాడైందంట. మేమూ వెనక్కి వెళ్లిపోతున్నాం."

రెబెక్కా ఉలిక్కిపడి చూసింది. నాగశ్రీ ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

"అయ్యో రాత," అంటూ లేచింది పెద్దావిడ. "మీరు మాత్రం పొద్దుండగానే ఇల్లు చేరండమ్మా. ఈ బుట్టలో అరటిపళ్లున్నాయి, రెండు తినండి. మొహాలు పీక్కుపోయాయి."

పళ్లు చేతిలో పెట్టి, గట్టెక్కి ఊళ్లోకి వెళ్లిపోయింది.

కాసేపటికి లాంచీ వచ్చింది.

"పాపం, పరిగెత్తి పిలవనా?" అంది రెబెక్కా.

"ఎక్కు ముందు!"

దారంతా కొండలు చాలా బావున్నాయి. నాగశ్రీ వాటిని సరిగ్గా చూడనే లేదు. రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే ఆమె బెంగ.

పొద్దు వాలుతుండగా లాంచీ వాళ్లిద్దరినీ దింపేసి తిరిగి వెళ్లిపోయింది. అక్కడ గుడి లేదు. బడి ఉంది గానీ దానికి తలుపుల్లేవు.

"ఇద్దరేనా అమ్మా?" అన్నాడు రేవులో టీకొట్టు వీరాస్వామి.

"పడుకోవడానికి ఎక్కడైనా చోటుంటుందాండీ?" అడిగింది నాగశ్రీ.

"ఉండకేం! ఆడపిల్లలొస్తే పాపాయమ్మగారింట్లోనే కదండీ. ఆ గుమ్మం మగాళ్లెవరూ తొక్కరు. రండి."

పొద్దుట్నుంచి మొదటిసారి నాగశ్రీ మనసు కుదుటపడింది.

ఇంటికి తాళం ఉంది.

"అదేంటి! మందుల కోసం పోలవరం వెళ్లారు. ఈ లాంచీకే వచ్చేయాలే. మీకు రేవులో కనబడలేదా? పెద్దావిడండి, చేతిలో వైరుబుట్ట ఉంటది."

రెబెక్కా సంచిలోని అరటిపళ్ల వంక చూసింది.

"అయితే పోలీసు ఔట్‌పోస్టుకి వెళ్లాలండి. ఈ కొండల్లో నక్సలైట్ల గొడవలతో రోజులు బాలేవు కదా, కొత్తవాళ్లెవరైనా వస్తే వైర్‌లెస్‌లో వాళ్ల ఊరి స్టేషనుకి చెప్తారు. వాళ్లు మీ ఇంటికెళ్లి కనుక్కుంటారు. ఆ తర్వాత మీకేం భయం లేదు."

నాగశ్రీ ఊహించుకుంది: తమ వాకిట్లో పోలీసు జీపు. ఎదురుగా నాన్న.

"ఆవిడ ఉండుంటే?" అంది నెమ్మదిగా.

"ఉంటే ఈ తంటా ఎందుకండీ? మా చుట్టాల పిల్లలే అనేసేవారు. ఆవిడ మాటంటే పోలీసులకీ గురి. అందుకే పిల్లల్ని ముందే ఊరూ ఇంటిపేరూ అడిగి పెట్టుకుంటారు, రేపు పోలీసులు అడిగితే మాట తడబడకూడదని. ఇంట్లో చెప్పకుండా వచ్చిన పిల్లలైతే మరీ కడుపులో పెట్టుకుంటారు. ఒక్కరి సంగతీ ఇంతవరకూ బయటికి పొక్కలేదు."

నాగశ్రీకి ఏడుపొచ్చింది. తన చదువు కోసం కాదు. గట్టెక్కి వెళ్లిపోతున్న ఆ మనిషి కళ్లముందు కదిలింది.

"ఈ రాత్రికి... ఆవిడ చుట్టాలింటికి వెళ్లుంటారు కదండీ? ఆకివీడులో ఆడపడుచు ఉన్నారట కదా?"

వీరాస్వామి వాళ్లిద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. ఆవిడ వీళ్లకి రేవులో కనబడిందని అతనికి అర్థమైంది.

"ఆడపడుచేంటమ్మా? ఎవరు ఏ ఊరి పేరు చెప్పినా ఆవిడ అలాగే అంటారు. రాత్రయితే వెళ్లి తలుపు తట్టడానికి పాపాయమ్మగారికి ఏ ఊళ్లోనూ ఒక్క చుట్టం లేరు."