అరవై దాటిన టికెట్టు

“వయసు రుజువు చూపించండి సార్” అన్నాడు టీసీ రెండోసారి.

గడియారాల రిపేరు షాపాయన చొక్కా జేబు తడిమాడు. ప్యాంటు జేబులు తడిమాడు. సీటు కింది సంచీలో చెయ్యి పెట్టి కాసేపు కెలికాడు. “ఇంట్లో మర్చిపోయినట్టున్నాను” అన్నాడు చివరికి.

పక్కనే ఉన్న భార్య ఆయన వైపు తిరిగింది.

“అదేమిటండీ, పొద్దున గుర్తింపు కార్డు పర్సులో పెట్టుకోవడం కళ్ళారా చూశానే.”

“అది వేరే కార్డు.”

“ఏ కార్డు?”

“ఏదో కార్డు. నువ్వూరుకో.”

టీసీ టికెట్టు మళ్ళీ చూశాడు. ఇద్దరికీ కలిపి ఒకటే టికెట్టు. భర్త వయసు అరవై ఒకటి, అప్పట్లో రైళ్ళలో అరవై దాటినవాళ్ళకిచ్చే రాయితీ ఛార్జీ. భార్య వయసు యాభై ఏడు, పూర్తి ఛార్జీ. టికెట్టు సవ్యంగానే ఉంది. మనిషి వాలకమే సవ్యంగా లేదు. నెత్తిన ఫ్యాను తిరుగుతున్నా చెమటలు కారిపోతున్నాయి.

“మా అమ్మాయి తెలీక అలా తీసింది. రాయితీ వద్దులెండి, జరిమానా ఎంతయితే అంత రాసెయ్యండి, కట్టేస్తాను” అన్నాడు షాపాయన.

ఆ మాటతో భార్యకి అనుమానం ముదిరింది. కూరల దగ్గర గీచి గీచి బేరమాడే మనిషి, అడగని జరిమానా కడతానంటున్నాడు. ఆ మాటకొస్తే ఆ పర్సు ఈయన ఏనాడూ ఆవిడ చేతికివ్వలేదు. స్నానానికి వెళ్తూ కూడా వెంట పట్టుకెళ్ళే రకం.

ఎదురు సీటులోని సెలూను యజమాని కల్పించుకున్నాడు. “కార్డెందుకు సార్? రోజూ తలలు చూసేవాణ్ణి, నేను చెబుతున్నా. ఈ తెలుపు అసలు తెలుపే. అరవై పైమాటే.”

“తలలు చూసి వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. మొన్నొకాయన చేతికర్ర పట్టుకుని వణుకుతూ కూర్చున్నాడు. కార్డు అడిగేసరికి కర్ర వదిలేసి పరుగు లంకించుకున్నాడు” అని, టీసీ షాపాయన వైపు అదోలా చూశాడు. “జరిమానా కడతానని తనంతట తాను అన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఇంతకీ టికెట్టు మీదేనా?”

“ఆయన పేరే. ఆ పేరు చెప్పే నన్ను చేసుకున్నారు” అంది భార్య. “ఇప్పుడు నాకూ అనుమానంగానే ఉంది. ఏవండీ, ఆ కార్డు మీదున్న అడ్రసు మన ఇంటిదేనా, ఇంకో ఇంటిదా?”

“ఛ, ఏం మాటలవి.”

“అయితే చూపించండి.”

“చూపించను.”

ఆవిడ కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. “సరే. వచ్చే స్టేషన్లో దిగి మా అన్నయ్య దగ్గరికి పోతాను. అమ్మాయికి ఏం చెప్పుకుంటారో మీరే చెప్పుకోండి.”

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. షాపాయన పర్సు తీసి, కార్డు టీసీ చేతిలో పెట్టి తల వంచుకున్నాడు.

“యాభై ఎనిమిది” అన్నాడు టీసీ. “రాయితీ చెల్లదు సార్.”

“సరిగ్గా చూడండి, అరవై ఒకటి ఉండాలి” అంటూ భార్య కార్డు లాక్కుంది. అడ్రసు తమ ఇంటిదే. గుండె కుదుటపడింది. పుట్టిన సంవత్సరం చూశాక ఒళ్ళు మండింది.

“ఏమిటిది?”

“మీవాళ్ళు అబ్బాయి నాలుగేళ్ళయినా పెద్దవాడై ఉండాలని పట్టుబట్టారు. మనకేమో ఒక్క ఏడే తేడా. సంబంధం తప్పిపోతుందని మా నాన్న నా వయసుకి మూడు కలిపాడు. తర్వాత చెబుదామనుకుంటే నువ్వేమంటావోనని భయమేసింది.”

“ఆ మూడేళ్ళు అడ్డం పెట్టుకుని, ‘పెద్దవాణ్ణి, చెప్పింది విను’ అంటూ ఇన్నాళ్ళూ నా నోరు నొక్కారా? వయసే దాచిన మనిషిని ఇంక ఏ విషయంలో నమ్మాలి? నేనెప్పుడైనా మీ దగ్గర గోరంత దాచానా?”

“తప్పే” అన్నాడాయన. సెలూను యజమాని జాలిగా చూసి కిటికీ వైపు తిరిగాడు.

టీసీ జరిమానా రాయడానికి పెన్ను తీశాడు. “మీ కార్డు కూడా ఇవ్వండమ్మా.”

“నాదెందుకు? నాది పూర్తి ఛార్జీయేగా.”

“ఒకే టికెట్టు కదమ్మా. ఒక వయసు తప్పని తేలాక రెండోది కూడా చూడాలి.”

భార్యని ఎలాగైనా మంచి చేసుకోవాలన్న తొందరలో ఉన్నాడు షాపాయన. ఆవిడ వద్దనేలోపే హ్యాండ్‌బ్యాగు తెరిచి కార్డు అందించాడు. “చూసుకోండి సార్. మా ఆవిడకి నాలాంటి బుద్ధులు లేవు.”

టీసీ కార్డు చూశాడు. టికెట్టు చూశాడు. ఆవిడ ముఖం చూసి పెన్ను మూసేశాడు.

“మీ అమ్మాయి రాయితీ తీసుకోవడంలో తప్పు లేదు సార్, మనిషినే మార్చేసింది. అరవై ఒకటి అమ్మగారికి.”