పుట్టింటి వైపు

"మీ పుట్టింటి వైపు మగపిల్లలెవరైనా పసితనంలోనే పోయారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ, నేనొక్కదాన్నే," అందామె, ఒళ్లో వాడిపోయి పడుకున్న నాలుగేళ్ల కొడుకు తల నిమురుతూ. పక్క కుర్చీలో పిల్లాడి అమ్మమ్మ తలొంచుకుంది.

"బాబుకి పేగుల్లో పుండ్లు తిండి వల్ల వచ్చినవి కావు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తిలో లోపం ఉన్నట్టుంది. ఇలాంటిది తల్లికి ఏ జబ్బూ లేకపోయినా ఆమె నుంచి కొడుక్కి రావచ్చు. ముందు మీ రక్తం పరీక్షించాలి."

ఇన్నాళ్లూ ఆమె కొడుక్కి పాలు మాన్పించింది, గోధుమలు మాన్పించింది. "నీ వంటే వాణ్ణి తినేస్తోంది" అని తల్లి సాధించిన ప్రతిసారీ మరొకటి మాన్పించింది. మాన్పించడానికి ఇంకేదో ఒకటి మిగిలే ఉండేది. ఒంట్లోని నెత్తురును ఎలా మాన్పిస్తుంది?

"ఉన్నాడు," అంది అమ్మమ్మ ఉన్నట్టుండి.

"ఎవరమ్మా?"

"నీకు అన్న. నువ్వు పుట్టకముందే పోయాడు. అచ్చం ఇలాగే, నెత్తురు విరేచనాలతో. పెంచడం చేతకాక చంపుకున్నానన్నారు. నేనూ అదే నమ్మాను."

"మీ తప్పేం లేదమ్మా," అంది డాక్టరమ్మ. "అప్పట్లో తెలిసే దారి లేదు. ఇప్పుడు మందులున్నాయి. ఎముక మజ్జ మార్పిడి కుదిరితే నయం కూడా కావచ్చు."

అమ్మమ్మకు ఆ మాట చెవికెక్కినట్టు లేదు. "అయితే నీకిచ్చింది నేనే కదే," అంది కూతురితో.

తల్లి ఇన్నేళ్ల సాధింపూ భయమేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. రావలసిన కోపం రాలేదు. కొడుకును మెల్లగా ఎత్తి తల్లి ఒళ్లో పడుకోబెట్టింది.

"వీణ్ణి పట్టుకో అమ్మా," అని, రక్తపరీక్షకు చెయ్యి చాపింది.