గేటుకు తాళం

సాయిలన్నా, దండాలు. నీ కార్డుకు జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

జహనుమాలో మా గల్లీ వెనక ఖాళీ జాగాను పిల్లల ఆటకు బాగుచేయించాం. రాళ్లు ఏరించి, పడినా దెబ్బ తగలకుండా ఇసుక పోయించాం. బర్రెలు రాకుండా నేనే గేటు పెట్టి తాళం వేశాను.

మొన్న తాళంచెవి నా జేబులోనే ఉండిపోయింది. నేను లాడ్ బజార్‌లో గాజులు అమ్ముకుంటున్నాను. గేటు తెరుచుకోక పిల్లలు సడక్ మీద ఆడారు. గుర్రపు టాంగా తగిలి ఒక పిల్ల కాలు విరిగింది.

"బర్ల ఫికరే చేసినవ్ గని, పోరలు ఏడ ఆడాలె?" అంది నా భార్య.

ఆ సాయంత్రమే గేటు పీకేశాను.

ఆ పిల్ల, నువ్వు నా భరోసా మీద మా ఇంట్లో వదిలి నాందేడ్ వెళ్లిన నీ బిడ్డ పుష్పే, అన్నా. కట్టు కట్టించాం. "మా బాపు ఎప్పుడొస్తడు?" అని అడుగుతోంది.

ఎప్పుడొస్తావు?